మచ్చ లేని ఫొటో

మా నాన్నను బ్లేడుతో గీకేసిన మనిషికి నేను ఏడాది పాటు సంచీ మోశాను. భక్తితో మోశాననుకుంటే పొరపాటు. గోతికాడ నక్కలా కాచుకుని మోశాను.

నాన్న బొగ్గింజను డ్రైవరు. ఆయన్నీ ఇంజన్నీ ఒకే రోజు పనిలోంచి తీసేశారు. ఆయన ఇంటికి వచ్చాడు, అది షెడ్డుకు పోయింది. ఆ చివరి రోజు పొద్దున బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, “వంపు దగ్గర నిలబడవే. నీకోసం బయటికి వంగి చూస్తాను. ఫొటో తియ్యి,” అన్నాడు. కెమెరా మేనమామది. అందులో ఒకే ఒక్క ఫొటో మిగిలుంది. నాన్నకు ఇంట్లో ఉన్న ఫొటో ఒక్కటే, పెళ్ళిది. అందులో ఎవరివో బట్టలు వేసుకుని బిగుసుకుపోయిన కుర్రాడున్నాడు తప్ప మా నాన్న లేడు. మా నాన్నంటే ఇంజను కిటికీలో మోచెయ్యి ఆనించి కూర్చునే మనిషి. ఆ మనిషి నాకు కావాలి.

పట్టాలు వంపు తిరిగే చోట కట్ట మీద నిలబడ్డాను. కూత వినిపించింది. పొగ కనిపించింది. కెమెరా కంటికి ఆనించుకున్నాను. సరిగ్గా అప్పుడే ఒకాయన మూడుకాళ్ళ స్టాండు మీది కెమెరా పట్టుకుని వచ్చి నా ముందు పాతాడు. “బాబూ, జరగండి,” అన్నాను. ఇంజను మోతలో వినపడలేదో, విననట్టు నటించాడో. కంగారులో మీట నొక్కేశాను. ఫొటో కడిగి ఇచ్చాక చూస్తే అందులో ఉన్నది ఒక వీపు. తెల్ల చొక్కా మీద అడ్డంగా సంచీ పట్టీ, ఆ పక్కన చిటికెడు పొగ.

నాన్న దాన్ని చూసి పడీ పడీ నవ్వాడు. “వీపు మాత్రం బ్రహ్మాండంగా పడిందే!” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మరుసటి ఏడు వానల్లో ఆయన పోయాడు.

ఆ తర్వాత ఒక రోజు కిరాణా కొట్టు గోడ మీద క్యాలెండరు చూశాను. మా ఇంజనే, మా వంపే. పొగ తిరిగిన తీరు కూడా అదే. కానీ కిటికీలో ఎవరూ లేరు. నల్లటి నలుపు. ఇంజను తనంతట తానే నడిచిపోతోంది. కింద స్టూడియో పేరు ఉంది. అమ్మను లాక్కుని అక్కడికి పోయాను. ఆ మనిషిని వీపు చూసే గుర్తుపట్టాను.

“ఫొటోలో మా ఆయన ఉండాలి కదండీ,” అంది అమ్మ, చెంగు వేలికి చుట్టుకుంటూ.

“ఉన్నాడమ్మా. తీసేశాను,” అన్నాడాయన, బియ్యంలో రాయి ఏరేసినంత తేలిగ్గా. “ఇంజను ఫొటోలో మనిషి మచ్చలాంటివాడు. పైగా మీ ఆయన మెడ బయటికి సాచి ఎటో చూస్తున్నాడు. నెగటివ్ మీదే బ్లేడుతో గీకేశాను. ఎంత శుభ్రంగా వచ్చిందో చూడండి. మచ్చ లేదు.”

“ఆ గీకినదాన్ని మళ్ళీ…”

“రాదమ్మా. గీకితే పోయినట్టే.”

బయటికి వచ్చాక మెట్ల మీద నాకు వెలిగింది. ఎటో చూడటం ఏమిటి? నాన్న నాకోసం చూస్తున్నాడు. ఈయన వీపు వెనక నేనెక్కడున్నానా అని మెడ సాచి వెతుకుతున్నాడు. అమ్మతో చెబితే, “పోనీలేవే. ఇంజనైనా మిగిలింది కదా,” అంది. అమ్మ జీవితమంతా ఆ పోనీలే మీదే నడిచింది. నాకు ఆ మాట నోట్లో పట్టదు.

నేను కుట్టుపని నేర్చుకున్నాను, దుకాణం పెట్టుకున్నాను, తల నెరిసింది. ఆ ఫొటో మాత్రం నెరవలేదు. పైగా పెద్ద పేరు తెచ్చుకుంది. ఒక రోజు నా దుకాణానికే గుడ్డ సంచుల పని వచ్చింది. ఒక్కో గుడ్డ మీదా అదే ఇంజను, అదే నల్ల కిటికీ. ఇచ్చినవాళ్ళు ఇంజన్ల పిచ్చివాళ్ళ సంఘం. షెడ్డులో తుప్పు పట్టిన ఇంజనును బాగు చేయించారట, మళ్ళీ పట్టాలెక్కిస్తున్నారట, ఆ సంబరానికి సంచులట. సంఘానికి పెద్ద దిక్కు ఎవరయ్యా అంటే ఆ ఫొటో తీసిన ఆయనే. అందరూ పెద్దాయన అంటారు. నేను మాత్రం మనసులో బ్లేడు అనుకునేదాన్ని. సరిగ్గా ఆ నల్ల కిటికీ మీద కుట్టు వేస్తుంటే సూది విరిగింది.

“అక్కా, పాము పగ పన్నెండేళ్ళంటారు,” అన్నాడు మా తమ్ముడు, నేను సంఘంలో చేరుతున్నానని తెలిసి. “నీ పగ చూస్తే పాము కూడా సిగ్గుపడి పుట్టలో దూరుతుంది.”

“దూరనీ. నాకు దారి సులువవుతుంది,” అన్నాను.

సంఘంవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వెర్రివాళ్ళు. ఇంజనుకు చక్రం బిగించిన రోజున ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకున్నారు. బాయిలరులో మొదటిసారి నిప్పు వేసిన రోజున పసిపిల్లకు జ్వరం చూసినట్టు పోటీపడి దాని పొట్ట తడిమారు. వాళ్ళలో బ్యాంకాయన అని ఒకరున్నారు. బ్యాంకులో పని మానేశాక ఇంజన్ల చప్పుళ్ళు రికార్డు చేయడం పట్టుకున్నారు. ఎవరు దగ్గినా “ష్!” అంటారు. ఆయన రికార్డింగుల్లో ఇంజను కన్నా ఆ ష్ ఎక్కువ వినిపిస్తుంది.

వీళ్ళకొక కట్టుబాటుంది. ఫొటోలు తీసే చోట తాడు కడతారు. అందరూ తాడు వెనకే వరసగా నిలబడాలి. ఎవరూ ఎవరి ముందుకీ పోకూడదు, కళ్ళు జిగేలుమనే రంగులు వేసుకుని రాకూడదు. తాడు దాటినవాడు సంఘం దాటినట్టే. ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో చెప్పనక్కర్లేదు. మొదటిసారి ఆయన నోటి వెంట విన్నప్పుడు నవ్వాపుకోలేక దగ్గాను. బ్యాంకాయన ష్ అన్నారు.

ఏడాది పాటు నేను నోట్లో నాలుక లేని మనిషిని. టీ పోశాను, తాడు కట్టాను, పెద్దాయన సంచీ మోశాను. ఆయనకు చేతులు వణుకుతున్నాయి, మోయలేడు. ఆయనది ఇప్పటికీ ఆ పాత చెక్క కెమెరానే. ఒక్కో ఫిల్మూ ఒక్కో చెక్క పలకలో ఉంటుంది. పలకకు జారే మూత. కెమెరాలో పెట్టకుండా ఆ మూత లాగితే వెలుతురు పడి లోపలున్న బొమ్మ నాశనం. అందుకని ఆ సంచీని ఎవరి చేతికీ ఇవ్వడు. నా చేతికిచ్చాడు. మా ఇద్దరికీ అంత పొత్తు కుదిరింది.

ఆయన కోరిక ఒక్కటే. ఇంజను మళ్ళీ నడిచే మొదటి రోజున అదే వంపు దగ్గర, అదే చోట, అదే ఫొటో మళ్ళీ తీయాలి. స్టేషను హాల్లో ‘అప్పుడు’ పక్కన ‘ఇప్పుడు’ అని రెండూ వేలాడదీయాలి. “దీనికోసమే బతికున్నానమ్మాయ్,” అన్నాడొకసారి, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. ఆ చేతులు చూస్తే జాలి వచ్చింది. దాన్ని గొంతు పిసికి పక్కన పడేశాను.

ఆ రోజుకోసం పసుపు గుడ్డ తెచ్చి పొడుగు కోటు కుట్టుకున్నాను. దాని మీద బూడిదరంగు శాలువా కప్పుకుని పోయాను. పొద్దున షెడ్డులోంచి ఇంజను బయటికి వస్తుంటే పెద్దాయన ఫొటోలు తీశాడు. ఆ పలకలు నా సంచీలోకి వచ్చాయి. తర్వాత అందరం వంపు దగ్గరకు చేరాం. తాడు వెనక జనం, జనం వెనక కూడా జనం. పెద్దాయన కెమెరా నాటి, గుడ్డ ముసుగులో దూరి చూసి, పలక పెట్టి, మూత లాగి, మీట తీగ చేత్తో పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

పట్టాలు సన్నగా పాడటం మొదలుపెట్టాయి. కూత వినిపించింది. అదే కూత. చెట్ల మీద పొగ లేచింది. ఇంజను వంపు తిరిగింది, నల్లగా నిగనిగలాడుతూ, ఊపిరి ఎగబోస్తూ. ఎంత అందంగా ఉందో! అందంగా ఉన్నందుకు కూడా నాకు కోపం వచ్చింది. శాలువా తీసి కింద పడేసి, తాడు దాటి, ఆయన కెమెరా కంటికి ఎదురుగా వీపు పెట్టి నిలబడ్డాను.

“అడ్డం! అమ్మాయ్, అడ్డం!” అని ఆయన అరిచాడు. అరుస్తూనే మీట నొక్కాడు. ఆ టక్కుమన్న చప్పుడు ఇంత మోతలోనూ నాకు వినిపించింది. ఇంజను కిటికీలోంచి డ్రైవరు నడుము దాకా బయటికి వంగి, నవ్వుతూ, నా వైపే చెయ్యి ఊపాడు. నేనూ చెయ్యెత్తాను. ఆ ఒక్క క్షణం నా ఒళ్ళంతా పొంగింది. ముప్ఫై ఏళ్ళకు పైగా కడుపులో పెట్టుకున్నది తీరింది, ఎంత హాయిగా తీరిందో దాచుకోను.

బండి వెళ్ళిపోయింది. పెద్దాయన మొహం కందగడ్డలా ఉంది.

“ఎవరు నువ్వు? అసలు ఎవరు నువ్వు?”

“మచ్చని,” అన్నాను. ఈ మాట ఎన్నిసార్లు అద్దం ముందు అని చూసుకున్నానో! “మీరు గీకేశారే, ఆ డ్రైవరు కూతుర్ని.”

ఆయన కళ్ళు చికిలించాడు. “ఏ డ్రైవరు?”

అరికాలి మంట నెత్తికెక్కింది. గుర్తులేదు ఆయనకు! నేను పగబట్టి కూర్చున్న ఇన్నేళ్ళూ ఆయన హాయిగా మరిచిపోయి కూర్చున్నాడు. ఏదో అనబోయాను. ఇంతలో వెనక నుంచి ఎవరో నా మోచెయ్యి తట్టారు.

ఒక ముసలమ్మ. చేతిలో ఫోను. “కాస్త ఇది చూసి పెట్టు తల్లీ. నాకిది సరిగ్గా రాదు. మా వాడు పడ్డాడో లేదో. నన్ను చూసి చెయ్యి ఊపాడు. బండి నడిపేది మా వాడేలే.”

ఫోను అందుకున్నాను. తెరంతా పసుపు. కోటు, కోటు మీద నెరిసిన జడ, మెడ దగ్గర పట్టీ కాస్త వంకరగా కుట్టిన కుట్టు. ఎవరి వీపు వాళ్ళకు కనపడదంటారు. నాది నాకు కనపడింది.

“పడలేదమ్మా,” అన్నాను. “నేను అడ్డం వచ్చాను.”

ఆమె ఫోను తీసుకుని చూసింది. పెదవి కొరుక్కుంది. నన్ను తిడుతుందేమో, తిడితే బాగుండునేమో అనుకున్నాను.

“పోనీలే తల్లీ,” అంది.

ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. నాకు సిగ్గేసింది, నిజమే. కానీ నా రకం మనుషులకు సిగ్గు వేస్తే ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది. ఈ పోనీలేల మీద ఎవరెవరు ఎంతెంత తిని బతికారో అనిపించింది. అందులో ఇప్పుడు నేనూ ఉన్నాను.

“పోనివ్వొద్దు,” అన్నాను. “సాయంత్రం ఇదే దారిన తిరిగొస్తాడు కదా? ఇక్కడే కూర్చోండి.”

అవతలి చివర ఇంజనును తిప్పే ఏర్పాటు లేదు. అందుకని తిరుగు దారిలో అది వెనక్కి నడుస్తూ వస్తుంది, బొగ్గు తొట్టి ముందు, మొహం వెనక. అలా వచ్చే ఇంజనును సంఘంవాళ్ళు కన్నెత్తి చూడరు. పొద్దుటి పని అయిపోగానే తాడు చుట్టేశారు. బ్యాంకాయన వచ్చి నా కోటుకున్న సంఘం బిళ్ళ ఊడదీసుకున్నారు. “మీరు ఇలాంటివారనుకోలేదు,” అన్నారు. “నేనూ అనుకోలేదు లెండి,” అన్నాను.

పెద్దాయన చెయ్యి చాపాడు. “నా సంచీ.”

“ఇస్తాను. ఒక ఫొటో తీశాక.”

“ఏ ఫొటో?”

“సాయంత్రం బండిది.”

“వెనక్కి నడిచే ఇంజనా? ఛీ!”

“ఇంజను మీ దగ్గరే ఉంచుకోండి. నాక్కావాల్సింది మనిషి. డ్రైవరు మొహం.” సంచీలోంచి ఒక పలక బయటికి తీసి, మూత చివర రెండు వేళ్ళతో పట్టుకున్నాను. “ఇవి పొద్దున షెడ్డు దగ్గర తీసినవి. నేనే కదా మోసింది. లాగనా?”

ఆయన మొహంలో నెత్తురు లేదు. “వద్దు. అమ్మా, వద్దు.” చెయ్యి నా వైపు చాపాడు. “గీకడం, లాగడం… వెలుతురు పడితే మళ్ళీ రాదు.”

“రాదని నాకు ఎప్పుడో చెప్పారు మీరు,” అన్నాను.

సాయంత్రం దాకా ముగ్గురం కట్ట మీద కూర్చున్నాం, ఆ తల్లీ, ఆయనా, ఒళ్ళో సంచీతో నేనూ. ఆమె కొడుకు చిన్నప్పటి సంగతులు చెబుతూనే ఉంది. వినక తప్పలేదాయనకు. బండి కూత వినపడగానే ఆమెను కెమెరా పక్కన నిలబెట్టాను. నేను అందరికన్నా వెనక్కి పోయి నిలబడ్డాను. నా ముందు ఆయన వీపు. ఆ వీపు ఇప్పుడు వంగిపోయింది, చొక్కా వదులుగా వేలాడుతోంది. డ్రైవరు తల్లిని చూసి మొహమంతా నవ్వు చేసుకుని చెయ్యి ఊపాడు. టక్.

సంచీ ఇచ్చేశాను. మాట తప్పలేదు. ఆ మూత లాగాలని వేళ్ళు ఎంత దురద పెట్టాయో మాత్రం నాకే తెలుసు.

కొన్నాళ్ళకు పెద్దాయన ఆ ఫొటో బ్యాంకాయన చేతికిచ్చి నా దుకాణానికి పంపాడు. ముసలమ్మకు కబురు పెట్టి, ఆమె వచ్చేలోగా విప్పి చూశాను. చెడ్డవాడు చెడ్డ ఫొటో తీసి ఉంటే ఎంత సుఖంగా ఉండేది! ఎంత బాగుందంటే, చూసి కళ్ళు తుడుచుకున్నాను. మసి అంటిన నుదురు, పళ్ళు, చెయ్యి. ఇంజను ఊరికే పక్కన అంచుగా ఉంది.

ముసలమ్మ కుట్టు మిషను బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. “బాగుంది,” అంది. మళ్ళీ చూసింది. “మా వాడేనా?”

“అయ్యో, మీవాడే!”

“మరి బుగ్గ మీద పుట్టుమచ్చ ఏది?”

కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూశాను. బుగ్గ నున్నగా ఉంది. ఈసారి బ్లేడు కాదు, పెన్సిలు వాడాడని, ఫొటో తెచ్చి ఇంకా అక్కడే కూర్చున్న బ్యాంకాయన చెప్పారు. నెగటివ్ మీద పెన్సిలు పూస్తే మచ్చ పూడుకుపోతుందట. “మర్యాదకే చేశాడమ్మా. అందంగా ఉంటుందని,” అన్నారు. మర్యాద! మా నాన్ననూ మర్యాదగానే గీకాడు.

గుడ్డ మీద గుర్తులు పెట్టే నల్ల పెన్సిలు తీసి, మొన తడిపి, ఫొటో మీదకు వంగాను. “చెప్పండమ్మా. ఎక్కడ?”

“ఇంకాస్త కిందికి. ముక్కు వైపుకి. అంత కాదు. ఆఁ, అక్కడే.”

చుక్క పెట్టాను. ఆమె చూసి తలూపింది. “ఇప్పుడు మా వాడు,” అంది. ఆమె వెళ్ళిపోయాక ఆ పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చున్నాను. తర్వాత తెల్ల సుద్దముక్క ఒకటి జేబులో వేసుకున్నాను.

స్టేషను హాలు ప్రారంభానికి నన్నెవరూ పిలవలేదు. పసుపు కోటు వేసుకుని పోయాను. గోడ మీద నిలువెత్తున ‘అప్పుడు’ వేలాడుతోంది, దాని పక్కన ‘ఇప్పుడు’ చోట షెడ్డు ముందు తీసిన ఫొటో. నేను మూత లాగకుండా వదిలేసినదే. పెద్దాయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. చుట్టూ జనం, చప్పట్లు. ఫొటోల ముందు తాడు కట్టారు. దాటాను.

ఆ నల్ల కిటికీ నా తల ఎత్తులో ఉంది. సుద్దతో దాంట్లో ఒక చుక్క పెట్టాను. సరిపోలేదు. చుక్కను పెంచి తల చేశాను. మెడ గీశాను, కిటికీ దాటి బయటికి సాచిన మెడ. మోచెయ్యి పెట్టాను. నాకు బొమ్మలు రావు. కొలతలు వచ్చు. నాన్న మెడ కొలత నాకు తెలుసు, ఆయన చొక్కాలు విప్పి మళ్ళీ కుట్టే నేను పని నేర్చుకున్నాను.

ఎవరో నన్ను పట్టుకోవడానికి వచ్చారు. “ష్!” అన్నారు బ్యాంకాయన, నన్ను కాదు, వాళ్ళను.

“మచ్చ పెట్టేశావు,” అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి. గొంతు అరిగిపోయింది. “తుడిస్తే పోతుంది.”

“తుడవండి. రేపు మళ్ళీ వస్తాను. సుద్ద నా దగ్గర పెట్టెలకొద్దీ ఉంది.”

ఆయన లేచాడు. తాడు దగ్గరకు వచ్చి ఆగాడు. తాను కట్టించిన తాడు తాను దాటలేక, అక్కడి నుంచే కళ్ళు చికిలించి ఆ సుద్ద తలను చాలాసేపు చూశాడు.

“ఎటు చూస్తున్నాడు?” అన్నాడు.

“మీ వీపు వెనక్కి,” అన్నాను. “అక్కడ నేనున్నాను.”